లో-కోడ్ వచ్చిందని మా అమ్మాయికి కోడింగ్ మాన్పించాలా?

ప్రశ్న: మాది ఖమ్మం, ఎరువుల దుకాణం. మా అమ్మాయి బీటెక్ సీఎస్ఈ మూడో సంవత్సరం. కంపెనీలకు ఇక కోడింగ్ అక్కర్లేదు, అంతా లో-కోడే అని పక్కింటి అబ్బాయి అంటున్నాడు. కంపెనీలకు దానివల్ల నిజంగా లాభమేనా? అమీర్‌పేటలో మూడు నెలల లో-కోడ్ కోర్సులో చేర్పించమంటారా?

జవాబు: లాభమే. లో-కోడ్ అంటే పెద్దగా కోడ్ రాయకుండా, స్క్రీన్ మీద రెడీమేడ్ భాగాలు అమర్చి యాప్ చేసుకునే పద్ధతి. హెచ్ఆర్ వాళ్లకు సెలవుల మంజూరుకు చిన్న యాప్ కావాలనుకోండి. ఐటీ విభాగాన్ని అడిగితే నెలలు గడిచినా వంతు రాదు. ఈలోగా ఎక్సెల్ షీట్లు మెయిళ్లలో తిరుగుతుంటాయి. అదే పవర్ యాప్స్, జోహో క్రియేటర్ లాంటి లో-కోడ్ ప్లాట్‌ఫామ్‌లో అయితే ఫారం అమర్చుకుని, ఎవరి తర్వాత ఎవరు ఓకే చేయాలో పెట్టుకుంటే కొద్ది రోజుల్లో పని మొదలవుతుంది. వాడేవాళ్లే తయారుచేస్తే ‘మేం అడిగింది ఇది కాదు’ అనే గొడవా తగ్గుతుంది.

అయితే ఈ మోజు మీద నాకు అనుమానాలున్నాయి. చాలావాటికి లైసెన్సు తలకింత అని కట్టాలి. యాభై మందికి చవక అనిపించింది ఐదు వేల మందికి గుదిబండ కావచ్చు. ఒక ప్లాట్‌ఫామ్‌లో చేసిన యాప్‌ను ఇంకోదానికి మార్చాలంటే దాదాపు మళ్లీ మొదటి నుంచి చేసుకోవాల్సిందే. తయారుచేసిన ఉద్యోగి మానేస్తే దాని లోగుట్టు ఎవరికీ తెలియదు. అప్పుడు పిలిచేది కోడింగ్ వచ్చినవాళ్లనే. ఇలాంటివే అయిన సేల్స్‌ఫోర్స్‌లో లోతుకు వెళ్తే ఏపెక్స్ అనే భాషలో కోడ్ రాయాలి, సర్వీస్‌నౌలో జావాస్క్రిప్ట్‌లో. లో-కోడ్ అంటే తక్కువ కోడ్ అనే కదా, అసలు లేదని కాదు!

ఈ టెన్షన్ కూడా కొత్తదేం కాదు. 1991లో విజువల్ బేసిక్ అనే ప్రోగ్రామింగ్ సాధనం వచ్చినప్పుడు కూడా స్క్రీన్ మీద బటన్లు లాగి పెడితే చాలన్నారు. చివరికి దాంతోనే ఎందరో ప్రోగ్రామర్లయ్యారు. మీ అమ్మాయి చదువు వృథా కాదు, నిశ్చింతగా ఉండండి.

ఒక్కమాట, ఏమీ అనుకోకండి. మీరు రాసినదాంట్లో పక్కింటి అబ్బాయి ఏమన్నాడో ఉంది, మీ అమ్మాయి ఏమందో లేదు. మూడేళ్లుగా చదువుతున్నది ఆమె కదండీ! ముందు ఆమెను అడగాలి కదా? అడగకుండా ఫీజు కట్టేసి, తర్వాత ‘ఇంత ఖర్చు పెట్టాం’ అని సాధించే తల్లిదండ్రులను చాలామందిని చూశాను.

ఇవి నేర్పే సేల్స్‌ఫోర్స్ ట్రెయిల్‌హెడ్, మైక్రోసాఫ్ట్ లెర్న్ వెబ్‌సైట్లు ఉచితంగానే దొరుకుతాయి. ఈ సెలవుల్లో మీ దుకాణం ఉద్దెర ఖాతాకు యాప్ చేసిపెట్టమనండి. ఒకే పేరున్న రైతులు ఇద్దరుంటే ఎలా, సగం బాకీ కడితే ఎక్కడ రాయాలి అన్న దగ్గర డీబీఎంఎస్ (డేటాబేస్‌ల సబ్జెక్టు) పుస్తకం మళ్లీ తీయక తప్పదు. ఆ పని ఆమెకు నచ్చితే, ఫైనలియర్‌లో ఏదో ఒక్క ప్లాట్‌ఫామ్ సర్టిఫికేషన్ రాయనివ్వండి.