రద్దయిన జట్టు జెర్సీ కోసం ఇంత మౌనమా?

ప్రశ్న: నా వయసు 44, మావారికి 49. ఐపీఎల్ మొదలైన 2008 నుంచి ఆయనకు హైదరాబాద్ జట్టే లోకం. మొదట దక్కన్ చార్జర్స్, తర్వాత సన్‌రైజర్స్. టికెట్లు, జెండాలు, జెర్సీలు, గెలిచిన మర్నాటి పేపర్లు అన్నీ దాచుకుంటారు. మా పెద్దమ్మాయి ఇంటర్‌కు వచ్చింది, చదువుకోవడానికి గది కావాలి. ఆ పెట్టెలు తీయమని ఏడాదిగా అడుగుతున్నా ‘చూద్దాం’ అనేవారు. మూడు వారాల కిందట ఆయన ఆఫీసు పనిమీద ఊరెళ్లినప్పుడు రెండు అట్టపెట్టెలు పాత పేపర్లవాడికి వేసేశాను. వాటిలో 2009 నాటి పేపర్లు, దక్కన్ చార్జర్స్ జెర్సీ, 2016 ఫైనల్ టికెట్ ఉన్నాయట. ఆ ఫైనల్ చూడటానికి ఆయనా, మా బావగారూ కలిసి బెంగళూరు వెళ్లారు. బావగారు 2021లో కోవిడ్‌తో పోయారు. మావారు వచ్చి చూసి ‘సరేలే’ అన్నారంతే. అప్పటినుంచి అవసరానికి మించి మాట్లాడటం లేదు. కొత్త జెర్సీ కొని ఇస్తే కవరు కూడా విప్పలేదు. ఎప్పుడో రద్దయిన జట్టు చొక్కా కోసం ఇంత బాధ మామూలేనా? 2024 ఫైనల్ ఘోరంగా ఓడిపోయిన మర్నాడు కూడా ఆ జట్టు జెర్సీ వేసుకునే పాలకు వెళ్లారు. ఇదేమైనా మానసిక సమస్యా?
(ఒక సోదరి, హైదరాబాద్)

జవాబు: ముందుగా, ఆయన కోసం ఇంకేమీ కొనకండి. మీరు మంచి మనసుతోనే కొత్త జెర్సీ తెచ్చారు. కానీ ఆ కవరు కంటపడినప్పుడల్లా ‘పోయింది ఒక చొక్కానే అనుకుంటోంది’ అని ఆయనకు అనిపిస్తుంది. మీరు ఇచ్చిన బహుమతే మీ మధ్య దూరాన్ని పెంచుతుంది. దాన్ని మాట్లాడకుండా తీసి లోపల పెట్టేయండి.

ఇక మీ తప్పు ఎంత అన్నది. ఎదిగిన పిల్లకు చదువుకోవడానికి గది అడగడంలో తప్పేమీ లేదు. ఏడాదిపాటు అడిగారు, ‘చూద్దాం’ అన్న జవాబుతో సరిపెట్టుకున్నారు, విసిగిపోయారు. ఇంతవరకూ నేను మీ పక్షమే. ఆయన ఊళ్లో లేని రోజు చూసి ఆ పని చేయడం దగ్గరే నేను మీతో విభేదిస్తాను. ఉన్న రోజు చేస్తే అడ్డుపడతారని మీకు తెలుసు. తెలిసే ఆ రోజును ఎంచుకున్నారు. ఆయన మౌనంలో సగం పోయిన వస్తువుల గురించైతే, మిగతా సగం దీని గురించే. ‘నా ఇంట్లో నా వస్తువుల మీద నేను లేనప్పుడు తీర్పు జరిగిపోయింది’ అనుకునే మనిషి కోప్పడటానికి కూడా మనసు రాక ‘సరేలే’ అంటాడు.

రద్దయిన జట్టు చొక్కా మీద ఎందుకింత మమకారం అని అడిగారు. రద్దయింది కాబట్టే అంటాను నేను. దానికి కొంచెం వెనక్కి వెళ్లాలి. 2008లో దక్కన్ చార్జర్స్ ఎనిమిది జట్లలో ఆఖరున నిలిచింది. ఆ ఏడాది ఆ జట్టును అభిమానించడమంటే ఆఫీసులో రోజూ నాలుగు మాటలు పడటమే. తర్వాతి ఏడాది లోక్‌సభ ఎన్నికల వల్ల టోర్నీ దక్షిణాఫ్రికాకు తరలిపోయింది. సెంచూరియన్‌లో జరిగిన సెమీఫైనల్లో ఢిల్లీ మీద మన కెప్టెన్ గిల్‌క్రిస్ట్ 35 బంతుల్లో 85 కొట్టాడు. మే 24న జొహన్నెస్‌బర్గ్‌లో బెంగళూరుతో ఫైనల్. అదే గిల్‌క్రిస్ట్ మొదటి ఓవర్లోనే కుంబ్లే బంతికి సున్నాకు అవుటయ్యాడు. గిబ్స్ చివరిదాకా నిలబడి 53 చేసినా జట్టు స్కోరు 143 మాత్రమే. అయినా బెంగళూరు 137 దగ్గర ఆగిపోయింది. కిందటేడు అట్టడుగున ఉన్న జట్టు ఆరు పరుగుల తేడాతో కప్పు ఎత్తింది.

ఇంత సంబరం జరిగితే హైదరాబాద్ అభిమాని చేతికి దక్కిందేమిటి? ఆట జరిగింది సముద్రం అవతల. టికెట్ ముక్క లేదు, స్టేడియంలో దిగిన ఫొటో లేదు. మర్నాటి పేపరొక్కటే ఉంది. మూడేళ్లు తిరిగాక, 2012 సెప్టెంబరులో క్రికెట్ బోర్డు ఆ జట్టుతో ఒప్పందాన్నే రద్దు చేసింది. 2013 సీజన్‌కు కొత్త యాజమాన్యం, కొత్త పేరుతో సన్‌రైజర్స్ వచ్చింది. చెన్నై, ముంబయి అభిమానుల పాత జెర్సీ చిరిగిపోతే పెద్ద నష్టం లేదు, వాళ్ల పాత కప్పుల గురించి ఆ జట్లే ఏటా చెప్పుకుంటాయి. 2009 గెలుపు గురించి చెప్పుకునే జట్టు లేదు. ఆ పని మీవారిలాంటి వాళ్ల బీరువాల మీద పడింది. (హైదరాబాద్ అభిమాని దురదృష్టం ఇక్కడితో ఆగలేదు. 2017, 2019 ఫైనల్స్ రెండూ ఉప్పల్‌లోనే జరిగాయి, రెండూ ఒక్క పరుగు తేడాతో తేలాయి, రెంటిలోనూ మన జట్టు లేదు.)

2016 టికెట్ సంగతి వేరు. అది జట్టు జ్ఞాపకం కన్నా మీ బావగారి జ్ఞాపకం. ఆ ఏడాది సన్‌రైజర్స్ మూడో స్థానంలో ఉండి ప్లేఆఫ్స్‌కు వచ్చింది. అంటే ఒక్క మ్యాచ్ ఓడినా ఇంటికే. ఎలిమినేటర్లో కోల్‌కతాను దాటారు. రెండో క్వాలిఫయర్లో గుజరాత్ లయన్స్ మీద వికెట్లన్నీ పడుతుంటే వార్నర్ ఒక్కడూ 93 పరుగులతో నిలబడి గెలిపించాడు. మే 29న చిన్నస్వామి స్టేడియంలో ఫైనల్, అదీ బెంగళూరు జట్టు సొంతగడ్డ మీద. మనవాళ్లు 208 చేశారు. జవాబుగా గేల్, కోహ్లీ మొదటి వికెట్‌కే 114 జోడించారు. చుట్టూ ఎర్ర జెర్సీలు, చెవులు పగిలే కేకలు, మధ్యలో ఈ అన్నదమ్ములు. ఎలిమినేటర్ ఆడి కప్పు గెలిచిన జట్టు అంతకుముందు ఒక్కటీ లేదు. చివరికి ఎనిమిది పరుగులతో గెలిచారు. ఆ 114 పరుగులు వచ్చేంతసేపూ ఆ ఇద్దరూ ఏమనుకున్నారో, ఎవరు ఎవరి చేయి పట్టుకున్నారో చెప్పగల మనిషి ఇప్పుడు ఒక్కరే మిగిలారు.

2021లో అంత్యక్రియలు ఎలా జరిగాయో మీరు రాయలేదు. ఆ రోజుల్లో ఎన్నో ఇళ్లలో చివరిచూపు కూడా దక్కలేదు. నలుగురూ కూర్చుని పోయిన మనిషి గురించి చెప్పుకుని ఏడ్చే వీలూ లేకపోయింది. అలా లోపలే ఉండిపోయిన దుఃఖం ఎప్పుడో ఒకప్పుడు ఒక చిన్న వస్తువును పట్టుకుని బయటపడుతుంది. మీ ఇంట్లో ఆ వస్తువు టికెట్ అయింది. అలాగని ఇదంతా అన్నగారి మీద బెంగే, క్రికెట్ వట్టి సాకు అని తేల్చేయకండి. ఆయనకు క్రికెట్ క్రికెట్‌గానే ఇష్టం. ప్రతి ఇష్టం వెనకా ఏదో గాయం వెతకడం మా వృత్తిలో ఉన్నవాళ్లకు అంటుకునే జాడ్యం. అది మీకెందుకు?

మానసిక సమస్యా అన్నారు. మీరు రాసినంతలో అలాంటిదేమీ నాకు కనిపించలేదు. వస్తువులు వదల్లేక పోగుచేసే రుగ్మత ఒకటి ఉన్న మాట నిజమే. అమెరికాలోని మానసిక వైద్యుల సంఘం 2013లో దాన్ని ప్రత్యేక రుగ్మతగా గుర్తించింది. అందులో విలువ ఉన్నదీ లేనిదీ అన్న తేడా లేకుండా అన్నీ పేరుకుపోతాయి, వంటగదిలో వండుకోలేరు, మంచం మీద పడుకోలేరు, ఏది ఎక్కడుందో వాళ్లకే తెలియదు. మీవారికి ఏ పెట్టెలో ఏముందో తెలుసు. పోయినవేవో చూడగానే చెప్పగలిగారు. అది సేకరణ.

ఓడిన మర్నాడు జెర్సీ వేసుకున్న సంగతి చదివి నాకు ముచ్చటేసింది. 1976లో రాబర్ట్ చాల్దీనీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఒక అధ్యయనం చేశారు. తమ ఫుట్‌బాల్ జట్టు గెలిచాక వచ్చే సోమవారం విద్యార్థులు విశ్వవిద్యాలయం పేరున్న దుస్తులు ఎక్కువగా వేసుకొచ్చారు, గెలవనప్పుడు అంతగా వేసుకోలేదు. లోకం తీరు అది. మీవారు దాన్ని తిరగేశారు. చెన్నైలో 113కే ఆలౌటై, ఐపీఎల్ ఫైనల్స్ చరిత్రలోనే అతి తక్కువ స్కోరు చేసిన మర్నాడు ఆ జెర్సీతో వీధిలోకి వెళ్లాలంటే కొంచెం గుండె ఉండాలి. కష్టకాలంలో పక్కకు తప్పుకోని మనిషి అని దాన్నిబట్టి అనుకోవచ్చు. సంసారంలో ఆ గుణం మీకూ ఎప్పుడో అక్కరకు వచ్చే ఉంటుంది.

ఇప్పుడేం చేయాలంటే, మాట్లాడండి. పిల్లలు లేని సమయంలో, భోజనాల దగ్గర కాకుండా. ‘మీరు లేని రోజు చూసి చేశాను, అది తప్పు. బావగారితో వెళ్లిన టికెట్ అందులో ఉందని తెలియదు. వేసే ముందు ఒక్కసారి పెట్టె విప్పి చూడాల్సింది’ అనండి. అక్కడితో ఆపేయండి. ‘కానీ మీరు కూడా’ అని మొదలుపెడితే ముందు చెప్పినదంతా కొట్టుకుపోతుంది. మీ వాదన న్యాయమైనదే, దాన్ని ఇంకో రోజుకు దాచుకోండి. మీరు ఏడ్చి ఆయన చేత ఓదార్పించుకునే పరిస్థితి కూడా రానివ్వకండి. ఆయన కోప్పడితే పడనివ్వండి. మూడు వారాల మౌనం కన్నా అరగంట కోపం చాలా నయం.

పాత పేపర్లవాడిని అడిగి చూడాలని మీకు అనిపించి ఉంటుంది. సాధారణంగా ఆ సరుకు కొద్ది రోజుల్లోనే పెద్ద గోదాముకు వెళ్లిపోతుంది, దొరుకుతుందన్న ఆశ పెట్టుకోవద్దు. అయినా అడిగి చూద్దామని మీవారు అంటే ఆయనతోపాటు వెళ్లండి. ఇంకో దారి ఉంది. బెంగళూరు వెళ్లింది ఇద్దరు కాబట్టి రెండో టికెట్ ఉండాలి. అది బావగారి పర్సులోనో, పాత డైరీలోనో ఉండొచ్చు. ఆ రోజు దిగిన ఫొటోలు బావగారి ఫోనులో ఉండొచ్చు. మీ తోటికోడలికి ఫోను చేసి రహస్యంగా తెప్పించి ఆశ్చర్యపరుద్దామని మీకు చప్పున తోస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. ఆయన వెనక జరిగిన పనితోనే ఇదంతా వచ్చింది, బాగు చేయడం కూడా వెనకే జరగకూడదు. ‘వదినను అడుగుదామా?’ అని ఆయన్నే అడగండి. వద్దంటే ఊరుకోండి. సరేనంటే ఆయనే మాట్లాడతారు. భర్తను పోగొట్టుకున్న ఆవిడ కూడా ఆ ఫొటోలు ఎవరితోనైనా కలిసి చూడాలని ఎదురుచూస్తూ ఉండవచ్చు. 2009 మే 25 నాటి పేపరు కావాలంటే, అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలో పాత పత్రికల విభాగంలో అడగవచ్చు. అదీ ఆయనకు ఇష్టమైతేనే.

మిగిలిన వస్తువులను ఎలా కాపాడుకోవాలో ఇద్దరూ తెలుసుకోవాలి, ఎందుకంటే పాత పేపర్లవాడి అవసరం లేకుండానే అవి పాడైపోతాయి. చాలా టికెట్లు, రసీదులు వేడికి అచ్చుపడే కాగితం మీద ఉంటాయి, కొన్నేళ్లకు అక్షరాలు వాటంతటవే మాసిపోతాయి. వాటిని లామినేషన్ చేయిస్తే ఆ వేడికి మొత్తం నల్లబడుతుంది. ముందు స్కాన్ చేసి పెట్టుకుని, అసలుదాన్ని కాగితం కవరులో ఎండ తగలని చోట ఉంచండి. న్యూస్‌పేపరు వెలుతురు తగిలినకొద్దీ పసుపెక్కి పెళుసవుతుంది, దానికి టేపు అంటించకండి. జెర్సీని ఉతికి, పూర్తిగా ఆరాక, అచ్చు మీద ఇస్త్రీ పెట్టకుండా పాత నూలుగుడ్డలో చుట్టి పెట్టండి. సంతకాలున్న బంతి, బ్యాటు ఏవైనా ఉంటే కిటికీ ఎదురుగా మాత్రం పెట్టొద్దు. ఎండకు ముందు పోయేది సిరానే.

గది మాత్రం అమ్మాయిదే. ఆ విషయంలో మీరు వెనక్కి తగ్గొద్దు. ఆయనకు ఒక బీరువా అర, ఒక మూత ఉన్న పెట్టె ఇవ్వండి. అందులో పట్టేవి ఏవో ఆయనే తేల్చుకోవాలి. మీరు చేయి వేయొద్దు, ఏది పనికొస్తుందో చెప్పనూ వద్దు. పట్టని వాటికి ఫొటో తీసుకుని ఆయనే సాగనంపుతారు. తన చేత్తో తీసేసినది మనిషిని అంతగా బాధించదు.

మీరు మాట్లాడాక కూడా రెండు మూడు వారాలపాటు ఆయన నిద్ర, తిండి, ఉద్యోగం దెబ్బతింటుంటే, దేనిమీదా ఆసక్తి లేకుండా ఉంటే మానసిక వైద్యుణ్ని కలవండి. నేరుగా వెళ్లడానికి వెనకాడితే ప్రభుత్వ టెలీ మానస్ సేవకు 14416 నంబరులో ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. బతకాలని లేదన్న మాట ఎప్పుడు వినిపించినా ఒక్క రోజు కూడా ఆగొద్దు.

చివరగా, ఈ జవాబు ఆయన చదివితే ఆయనకు కూడా ఒక మాట. అయ్యా, మీ నష్టం చిన్నది కాదు. కానీ ఆ టికెట్ ఏ పెట్టెలో ఉందో, ఎందుకుందో మీ ఇంట్లో మీకు తప్ప ఎవరికీ తెలియదు. విలువైనదాన్ని పాత పేపర్ల మధ్య పెట్టి, ఏడాదిపాటు అడిగినా ‘చూద్దాం’ అంటూ వచ్చారు. మీ భార్య చేసింది తప్పని నేను ఆమెకు రాశాను. మీ వంతుగా, పెట్టెలో మిగిలినవేమిటో ఈ ఆదివారం ఆమెను కూర్చోబెట్టి ఒక్కొక్కటీ చూపించండి. బెంగళూరులో అన్నగారితో గడిపిన ఆ రాత్రి గురించి మీ అమ్మాయికి చెప్పండి. టికెట్ లేకపోయినా మీకు స్కోరంతా గుర్తుండే ఉంటుంది. ఆ తర్వాత అమ్మాయి బల్లను ఆ గదిలోకి మీరే మోసుకెళ్లి పెట్టండి.