ల్యాప్‌టాప్ కోసం చీటీ పాడవద్దు

ప్రశ్న: నరసరావుపేటలో కిరాణా దుకాణం నడుపుతున్నాను. మా అమ్మాయికి ఇంజినీరింగ్‌లో సీఎస్ఈ సీటు వచ్చింది, హాస్టల్లో ఉంటుంది. 95,000 రూపాయల గేమింగ్ ల్యాప్‌టాప్ తీసుకుంటే నాలుగేళ్లూ ఢోకా ఉండదని స్నేహితులు చెప్పారట. షాపువారు వడ్డీ లేకుండా 12 వాయిదాల్లో ఇస్తామంటున్నారు. నాకు లక్ష రూపాయల చీటీ నడుస్తోంది, పాట 15,000 దాకా వెళ్తోంది. బ్యాంకులో లక్షన్నర ఎఫ్‌డీ ఉంది. చీటీ కట్టగా నెలకు 12,000 మిగులుతోంది. ఏ దారి మంచిది?

జవాబు: డబ్బు ఎలా తేవాలన్నది తర్వాత చూద్దాం. ముందు ఆ 95,000 అవసరమా? సీఎస్ఈ మొదటి ఏడాదిలో సీ, పైథాన్ ప్రోగ్రాములు రాస్తారు. వాటికి గ్రాఫిక్స్ కార్డుతో పనే లేదు. మూడో ఏడాదిలో మెషీన్ లెర్నింగ్ వచ్చినా గూగుల్ కోల్యాబ్‌ అనే వెబ్‌సైట్‌లో పరిమితంగానైనా ఉచితంగా జీపీయూ (గ్రాఫిక్స్ కార్డులోని ప్రాసెసర్) దొరుకుతుంది. గేమింగ్ యంత్రాలు చాలావరకు రెండు కిలోలు దాటుతాయి, ఛార్జర్ బరువు అదనం. బ్యాటరీ త్వరగా దిగిపోతుంది కాబట్టి తరగతిలో ప్లగ్ పాయింటు పక్కన సీటు వెతుక్కోవాలి. అమ్మాయికి ఆటలంటే ఇష్టమైతే తప్పేమీ లేదు, కానీ అది చదువు ఖర్చు కాదని ఇంట్లో అందరూ ఒప్పుకోవాలి.

60,000కు అటూ ఇటూగా పెట్టండి. 16 జీబీ ర్యామ్ (పని నడిచేటప్పుడు వాడుకునే మెమరీ), 512 జీబీ ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచుకునే చోటు), కిలోన్నర దరిదాపు బరువు, ఫుల్ హెచ్‌డీ తెర ఉంటే చాలు. 2025 చివరి నుంచి మెమరీ చిప్‌ల ధరలు పెరగడంతో ఇదే ధరకు 8 జీబీ ర్యామ్ ఉన్నవి అంటగట్టడానికి చూస్తారు. తర్వాత పెంచుకోవచ్చులే అంటారు. చాలా పల్చటి మోడళ్లలో ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తారు, పెంచే వీలుండదు. కొనేముందే ఖాళీ స్లాటు ఉందా అని అడగండి.

ప్రాసెసర్ స్టిక్కర్ చూసి కూడా తొందరపడవద్దు. ఉదాహరణకు ఏఎండీ కంపెనీ ప్రాసెసర్ రైజెన్ 5 7520యూ పేరు కొత్తగా వినిపిస్తుంది గానీ, లోపల ఉన్నది 2019లో వచ్చిన జెన్ 2 డిజైన్, నాలుగే కోర్లు (లెక్కలు చేసే భాగాలు). 7530యూ దానికంటే మెరుగు, ఆరు కోర్లు. ఒక్క అంకె తేడాకు ఇంత తేడా! పూర్తి మోడల్ నంబరు కాగితం మీద రాయించుకుని ఇంటికి వచ్చి చూసుకోండి. అలా రాసివ్వని షాపు మనకు వద్దు.

ఇక వాయిదాల సంగతి. వడ్డీ లేని అప్పంటూ ఉండదని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. 95,000ను 12 నెలలకు పంచితే నెలకు 7,917. బ్యాంకు 15 శాతం వడ్డీ లెక్క వేస్తే అందులో దాదాపు 7,300 వడ్డీయే. ఆ మొత్తాన్ని ముందే ధరలో తగ్గించినట్టు చూపుతారు. క్రెడిట్ కార్డు మీద తీసుకున్న వాయిదాలైతే ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, అంటే సుమారు 1,300, మీ మీదే పడుతుంది. ప్రాసెసింగ్ ఫీజు వేరు. రొక్కం ఇస్తే తగ్గే నాలుగైదు వేలు కూడా కొన్నిసార్లు చేజారుతాయి.

చీటీ పాట మాట ఎత్తవద్దు. 60,000 అవసరానికి 15,000 వదులుకోవడం అన్నిటికంటే ఖరీదైన అప్పు. డివిడెండు రూపంలో కొంత మీకే తిరిగొస్తుంది నిజమే, కానీ చాలా కొంచెం.

నేనైతే ఇలా చేస్తాను. మొదటి సెమిస్టరుకు కాలేజీ ల్యాబ్ సరిపోతుంది. మూడు నెలలు 12,000 చొప్పున పక్కన పెడితే 36,000. ఈలోపు దసరా ఆఫర్లు వస్తే మంచిదే. తక్కువపడిన 24,000 కోసం ఎఫ్‌డీ రద్దు చేయకుండా దాని మీదే ఓవర్‌డ్రాఫ్ట్ (ఎఫ్‌డీని హామీగా పెట్టుకుని బ్యాంకు ఇచ్చే అప్పు) అడగండి. సాధారణంగా ఎఫ్‌డీ వడ్డీకి సుమారు ఒక శాతం కలిపి తీసుకుంటారు. 8 శాతం అనుకుని నెలకు 12,000 చొప్పున రెండు నెలల్లో తీర్చేస్తే మొత్తం వడ్డీ 250 దాటదు. దుకాణానికి అత్యవసర నిధిగా ఉన్న లక్షన్నర చెక్కుచెదరదు. ఫీజుల కోసం ఎలాగూ విద్యా రుణం తీసుకుంటున్నట్లయితే కోర్సుకు అవసరమైన కంప్యూటర్‌ను కూడా అందులో చేర్చవచ్చు. బ్రాంచిలో కొటేషన్ ఇవ్వండి. ఒక్క ల్యాప్‌టాప్ కోసమే కొత్తగా విద్యా రుణం తీసుకోవద్దు.

హాస్టల్లో మంచం మీద నుంచి పడటం, టీ ఒలకడం మామూలే. కాబట్టి ప్రమాదవశాత్తూ పాడైతే వర్తించే రక్షణను కంపెనీ నుంచే నేరుగా తీసుకోండి. షాపువారు అమ్మే వేరే సంస్థల వారంటీకి నేను సాధారణంగా డబ్బు పెట్టించను.

దుకాణం జీఎస్టీ నంబరు మీద బిల్లు వేయించి 18 శాతం వెనక్కి తీసుకోవచ్చని ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. సొంత వాడకానికి కొన్న వస్తువు మీద ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోలు మీద కట్టిన జీఎస్టీని మినహాయించుకోవడం) చెల్లదు. మీరు చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ రేటుతో జీఎస్టీ కట్టే కాంపొజిషన్ పథకంలో ఉంటే అసలు ఆ ప్రశ్నే రాదు. బిల్లు అమ్మాయి పేరు మీదే రాయించండి, వారంటీకి కూడా అదే పనికొస్తుంది.