ఉగాది పూతకి మాఘ పౌర్ణమి నుంచే పని

చి. లక్ష్మికి పెదనాన్న దీవెనలు.

నిన్న ఫోన్‌లో "వేపపూత మొదలవగానే తేనెటీగల పెట్టెల సంగతి చూస్తా పెదనాన్నా" అన్నావు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు టెన్షన్ పట్టుకుంది, అందుకే కూర్చుని రాస్తున్నాను.

లెక్క చెప్తాను విను. రాణి ఈగ గుడ్డు పెట్టాక, పిల్ల ఈగ మైనం గది కొరుక్కుని బయటపడటానికి దాదాపు 3 వారాలు పడుతుంది. బయటపడగానే అది పూల మీదికి పోదు. ఇంకో రెండు మూడు వారాలు పెట్టెలోనే ఇంటిపని చేస్తుంది: పిల్లలకి మేత పెట్టడం, మైనం కట్టడం, గుమ్మం దగ్గర కాపలా. అంటే నువ్వు ఉగాది పచ్చడికి వేపపువ్వు దూసుకునే రోజున తేనె మోసే ఈగ మాఘ పౌర్ణమికి గుడ్డుగా ఉండాలి. మధ్యలో 45 రోజులు. పూత చూసి మేలుకుంటే, ఈగలు ఎదిగేసరికి పూత రాలిపోతుంది.

కాబట్టి రాణి గుడ్లు పెట్టేలా ఈ వారమే మేత మొదలుపెట్టు. కిలో చక్కెరకి లీటరు నీళ్లు, పాకం చల్లారాక, పొద్దుగూకాక పెట్టు. పగలు పెడితే పక్క పెట్టె ఈగలు వచ్చి దోచుకుంటాయి. తేనె దాచుకునే పై అర పెట్టిన రోజు నుంచి మాత్రం పాకం చుక్క కూడా వద్దు. అది తేనెలో కలిసిందంటే నువ్వు అమ్మేది తేనె కాదు, చక్కెర నీళ్లు.

నూజివీడు చుట్టూ అన్నీ మామిడి తోటలే కదా అని ఆ పూత మీద ఆశ పెట్టుకోకు. మామిడి మీద ఎక్కువగా వాలేవి ఇంట్లో ముసిరేలాంటి మామూలు ఈగలే, తేనెటీగలు కాదు. మనకి తేనె ఇచ్చేవి వేప, నేరేడు, ఆ తర్వాత కానుగ. మామిడితో మనకి వచ్చేది భయమే. మామిడి పూత రసం పీల్చే తేనెమంచు పురుగుకి మందు కొడతారు. (పేరులో తేనె ఉంది గానీ దానికీ మనకీ ఏ చుట్టరికమూ లేదు.) పక్క తోట రైతు దగ్గరికి నువ్వే వెళ్లి ఏ రోజు కొడుతున్నారో కనుక్కో. ఈగలు గూటికి చేరాక సాయంత్రం కొట్టమని బతిమాలు. అంతకీ పగలే కొడతానంటే, ముందురోజు రాత్రే గుమ్మానికి గాలాడే జాలీ బిగించి, పెట్టె మీద తడి గోనెపట్టా కప్పు.

పెట్టె నిండుతున్న కొద్దీ వారానికోసారి పట్టుల కింది అంచులు చూడు. వేరుశనగ కాయలా తలకిందులుగా వేలాడే గది కనిపిస్తే అది కొత్త రాణి గది, గిల్లేయి. ఒక్కటి వదిలేసినా పాత రాణి సగం ఈగల్ని వెంటేసుకుని లేచిపోతుంది. గిల్లడం ఒక్కటే చాలదు, చోటు కూడా ఇవ్వాలి. పిల్లలుండే కింది అర ఈగలతో కిటకిటలాడుతుంటే పై అర పెట్టెయ్. మూతలు పడ్డ పిల్లల గదులున్న చట్రం (పట్టు కట్టే చెక్క ఫ్రేము) ఒకటి, ఈగల్ని దులిపేసి, బలహీనంగా ఉన్న పెట్టెకి ఇవ్వొచ్చు. ఇచ్చేముందు పిల్లపురుగుల్ని బాగా చూడు. 1991-92లో పిల్లపురుగుల్ని చంపే థాయ్ సాక్ బ్రూడ్ వైరస్ దక్షిణాదిలో మన పుట్టతేనెటీగల్ని తుడిచిపెట్టినప్పుడు నా పెట్టెలన్నీ ఖాళీ అయ్యాయి. ఆ జబ్బు తగిలిన పురుగు గదిలోనే తల పైకెత్తి, నీళ్లు నిండిన సంచిలా చచ్చి ఉంటుంది. అలాంటిది ఒక్కటి కనిపించినా ఆ చట్రం ఇంకో పెట్టెలో పెట్టకు.

ఇక తేనె తీయడం. మొదటి ఏడు నేను ఆత్రపడ్డాను. పట్టు బరువుగా ఉందని మూతలు పడకుండానే తీసేశాను. వానలు పడేసరికి సీసాల్లో నురగ కట్టి పుల్లటి వాసన వచ్చింది, ఒక సీసా మూత అటక మీద ఠాప్‌మని ఎగిరింది. మీ పెద్దమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. పట్టులో నాలుగింట మూడు వంతుల గదులకి మైనం మూత పడాలి. అనుమానంగా ఉంటే చట్రాన్ని పక్కకి వాల్చి ఒక్కసారి విదిలించు. చుక్కలు రాలాయా, ఇంకా పచ్చిదే, తిరిగి పెట్టెయ్. తేనెలో నీరు 20 శాతం దాటకూడదు.

కింది అర తేనె ముట్టుకోకు. కానుగ పూత అయిపోయాక, వానల్లో పూలుండవు. తిండి లేకపోతే మన జాతి ఈగలు పెట్టె వదిలి పోతాయి.

తేనె తీసే మెషీన్ కొనకు, నాదే తెస్తాను. రెండు స్టీలు క్యాన్లు కడిగి ఎండలో బోర్లించి ఉంచు. లోపల తడి ఉంటే మాత్రం పని మొదలుపెట్టను.

మీ పెదనాన్న