ఛాంపియన్‌షిప్ గెలిచినా ఆ 13-10 మాసిపోలేదు

ప్రశ్న ఇది: "కాలేజీ ఫుట్‌బాల్ ప్లేఆఫ్‌లో ఇప్పుడు 12 జట్లు ఆడుతున్నాయి కదా, ఇక నవంబరు చివర్లో జరిగే ఒహాయో స్టేట్–మిషిగన్ లాంటి మ్యాచ్‌లకు పాత విలువ ఉందా? ఓడినా ప్లేఆఫ్‌కి వెళ్లొచ్చు కదా?"

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే అమెరికన్ ఫుట్‌బాల్, బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట; ప్లేఆఫ్ అంటే జాతీయ ఛాంపియన్ ఎవరో తేల్చే నాకౌట్ మ్యాచ్‌లు. నేను ఒహాయో స్టేట్ యూనివర్సిటీ ఉన్న కొలంబస్‌లో ఎమ్మెస్ చేశాను. ఉద్యోగమూ ఇక్కడే, ఇల్లూ ఇక్కడే. కాబట్టి నాది ఒహాయో స్టేట్ వైపు మాటే. విలువ ఇసుమంతైనా తగ్గలేదు. తగ్గిందనేవాళ్లు పాయింట్ల పట్టిక చూసి మాట్లాడుతున్నారు. ఆ వారం ఈ ఊళ్లో ఉన్నవాడెవడూ ఆ మాట అనడు.

2024, 2025 సీజన్లు పక్కపక్కన పెట్టి చూడండి. 2024లో మేం మిషిగన్ చేతిలో 13-10తో ఓడాం. ఆ తర్వాత ప్లేఆఫ్‌లో టెనెసీ, ఒరెగన్, టెక్సస్, నోటర్ డేమ్‌లను వరసపెట్టి కొట్టి జాతీయ ఛాంపియన్లమయ్యాం. 2025లో మిషిగన్ వాళ్ల ఊరు ఆన్ ఆర్బర్ వెళ్లి 27-9తో గెలిచాం. మరుసటి వారమే ఇండియానా చేతిలో మళ్లీ అదే 13-10తో ఓడాం, ప్లేఆఫ్ మొదటి మ్యాచ్‌లోనే మయామీ చేతిలో 24-14తో ఇంటిదారి పట్టాం. లెక్క ప్రకారం మొదటి చలికాలం పండగ, రెండోది ఏడుపు కావాలి. కానీ మా ఆఫీసులో జనం తలెత్తుకుని తిరిగింది రెండో డిసెంబరులోనే. మొదటి డిసెంబరులో మిషిగన్ మాట ఎత్తితే ఎవరి కాఫీ కప్పు వాళ్లు తీసుకుని వెళ్లిపోయేవాళ్లు.

2024 నవంబరు 30 సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఎందుకంటే ఆ రోజు నేను స్టేడియంలో ఉన్నాను.

నా ఇంజినీరింగ్ క్లాస్‌మేట్ ఒకడు ఆన్ ఆర్బర్‌లో చదివి, డెట్రాయిట్ దగ్గర కార్ల కంపెనీలో పని చేస్తున్నాడు. వాడు టొలీడో మీదుగా కారేసుకుని వచ్చాడు. టొలీడో అంటే గుర్తొచ్చింది, ఈ రెండు రాష్ట్రాల గొడవ మొదలైందే ఆ ఊరి దగ్గర. 1835లో ఆ కాస్త నేల మాదంటే మాదని రెండు వైపులా సైన్యాన్ని దించారు. చివరికి టొలీడో ఒహాయోకి వచ్చింది, మిషిగన్‌కి దాని బదులు ఉత్తరాన ఉన్న ద్వీపకల్పం దక్కింది. ఫుట్‌బాల్ మొదలైంది 1897లో. ఆ మొదటి ఆట 34-0తో మిషిగన్ వాళ్లే గెలిచారు. కానీ ఊళ్ల మధ్య పంతం దానికి అరవై ఏళ్ల ముందునుంచే ఉంది.

వాడు పసుపు రంగు 'ఎం' అక్షరం ఉన్న నీలం టోపీ పెట్టుకుని క్యాంపస్‌లోకి నడిచాడు. ఆ వారమంతా క్యాంపస్‌లో బోర్డుల మీద ఎక్కడ ఎం అక్షరం కనిపించినా దాని మీద ఎర్ర టేపుతో ఇంటూ మార్కు అంటిస్తారు. బిల్డింగు పేర్లనీ, దారి చూపే బోర్డులనీ దేన్నీ వదలరు. వాడు ఒక్కొక్క బోర్డు దగ్గరా ఆగి ఫొటోలు తీసుకున్నాడు. "మామా, మీవాళ్లకి మేమంటే ఎంత భయం రా" అని మొదలుపెట్టాడు. నేను నవ్వలేదు. వాళ్లు ఆ సీజన్‌లో అప్పటికి 6 గెలిచి 5 ఓడారు. మేం దేశంలో రెండో ర్యాంకు. మాకు ఇరవై పాయింట్ల దాకా మొగ్గు ఇచ్చారు.

మా సీట్లు పైన సి డెక్‌లో. సీట్లంటే కుర్చీలు కావు, పొడవాటి అల్యూమినియం బెంచీలు. సున్నా కింద చలిలో అవి ఎలా ఉంటాయో కూర్చున్నవాడికే తెలుస్తుంది, అందుకే అందరూ కింద వేసుకోడానికి దిండ్లు తెచ్చుకుంటారు. మా ముందు వరసలో డెబ్బై దాటిన పెద్దాయన ఒకరు, పక్కన ఆయన భార్య. ఆయన దగ్గర మ్యాచ్ ప్రోగ్రామ్ పుస్తకం, చిన్న పెన్సిలు. మావాళ్లు బంతి పట్టుకుని పరిగెత్తిన ప్రతిసారీ ఎన్ని గజాలొచ్చాయో పుస్తకం అంచున రాసుకుంటున్నాడు. నేను వెనకనుంచి చూస్తూనే ఉన్నా: 2, 1, 3, 0, మళ్లీ 2. గ్లవ్స్ తీసి రాయడం, మళ్లీ వేసుకోవడం.

ఆ అంకెలే ఆ మ్యాచ్ కథ. విసిరిన బంతిని అందుకోవడంలో దిట్టలైన జెరెమయా స్మిత్, ఎమేకా ఎగ్బూకా లాంటి రిసీవర్లను పెట్టుకుని, మిషిగన్ జట్టులో అత్యంత బలమైన చోటు ఎక్కడుందో చూసుకుని మరీ అక్కడికే, మధ్యలోకే, బంతిని పంపించాం. బంతితో 26 సార్లు పరిగెత్తితే వచ్చింది 77 గజాలు. ముందు నిలబడి ఎదుటివాళ్లను అడ్డుకునే మా లైన్‌లో సెంటర్, లెఫ్ట్ టాకిల్ ఇద్దరూ గాయాలతో లేరు. అటువైపు మేసన్ గ్రాహమ్, కెనెత్ గ్రాంట్‌ల లాంటి కొండలున్నాయి. ఇది తెలియని పిల్లాడు కూడా ఒహాయోలో ఉండడు. "మిషిగన్‌ని నేల మీదే కొట్టాలి, వాళ్లకంటే మొరటుగా కనిపించాలి" అనే పట్టుదలతోనే ఆ ఆట పోయింది. దీని మీద నాతో ఎవరు వాదించినా నా అభిప్రాయం మారదు. ఆ రోజు మిషిగన్ క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరే ఆటగాడు, పాస్‌లతో సాధించింది 62 గజాలే. 62 గజాలు విసిరిన జట్టు చేతిలో ఓడాం.

హాఫ్ టైమ్‌కి 10-10. తర్వాత చాలాసేపు ఎవరూ ఒక్క పాయింటు చెయ్యలేదు. మధ్యలో ప్రతి చిన్న విరామానికీ టీవీ ప్రకటనలు. ఇంట్లో చూసేవాళ్లకి ఇది అర్థం కాదు. స్టేడియంలో మాత్రం టీవీ తరఫు మనిషి ఒకడు మైదానంలోకి వచ్చి నిలబడతాడు. అతను పక్కకి తప్పుకునేదాకా ఇరవై రెండు మంది ఆటగాళ్లు చేతులు ఊదుకుంటూ నిలబడాలి, లక్షమంది చలిలో వాళ్లని చూస్తూ కూర్చోవాలి. టికెట్టు కొని వచ్చినవాడి కంటే ప్రకటన ఇచ్చినవాడికే ఈ ఆటలో గౌరవం ఎక్కువైపోయింది.

ఆఖర్లో మిషిగన్ ఆటగాడు కేలెల్ మలింగ్స్ 27 గజాల పరుగు తీశాడు. ఆ పరుగు మాకు ఎదురుగానే జరిగింది. ముగ్గురు పట్టుకోబోతే జారిపోయాడు. 45 సెకన్లు మిగిలుండగా వాళ్ల డొమినిక్ జ్వాడా 21 గజాల నుంచి బంతిని గోల్ స్తంభాల మధ్యకి తన్ని మూడు పాయింట్ల ఫీల్డ్ గోల్ కొట్టాడు. 13-10. మా వంతు వచ్చాక విసిరిన బంతులన్నీ నేలపాలు. పెద్దాయన పుస్తకం మూసి, దిండు చంకలో పెట్టుకుని, భార్య చెయ్యి పట్టుకుని మెట్లు దిగిపోయాడు. ఇంకా గడియారంలో సెకన్లున్నాయి.

తర్వాత జరిగింది అందరూ టీవీలో చూశారు. మిషిగన్ ఆటగాళ్లు మైదానం మధ్యలో ఉన్న మా 'ఓ' అక్షరం మీద జెండా పాతబోయారు, మావాళ్లు మీద పడ్డారు, తోపులాట, పోలీసులు పెప్పర్ స్ప్రే కొట్టారు. రెండు యూనివర్సిటీలకూ చెరో లక్ష డాలర్ల జరిమానా పడింది. ఒహాయో శాసనసభలో ఒక సభ్యుడైతే మైదానం మధ్యలో జెండా పాతడం నేరమని బిల్లే పెట్టాడు. నాకు ఆ గొడవ మీద పెద్దగా ఆసక్తి లేదు. మాట్లాడాల్సింది ఆ 26 పరుగుల గురించి.

ర్యాంప్ దిగుతుంటే నా ఫ్రెండ్ టోపీ తీసి జాకెట్ లోపల పెట్టేసుకున్నాడు. ఒక్క మాట అనలేదు. అది వాడి మర్యాద, నేను ఎప్పటికీ మర్చిపోను. జనవరి 20న అట్లాంటాలో మేం నోటర్ డేమ్‌ను 34-23తో ఓడించి కప్పు ఎత్తిన రాత్రి వాడికి ఫొటో పంపాను. వాడి జవాబు అంకెల్లోనే వచ్చింది: 13-10. నా దగ్గర దానికి సమాధానం లేదు. మరుసటి నవంబరులో 27-9 అని పంపేదాకా లేదు.

ఓడినా ఫర్వాలేదన్న భావనే ఉంటే, ఆ ఓటమి తర్వాత డిసెంబరు 21న టెనెసీతో ప్లేఆఫ్ మ్యాచ్ మా స్టేడియంలోనే జరిగినప్పుడు ఏం జరిగేదో ఆలోచించండి. జనం ఎగబడాలి. కానీ ఆ రాత్రి స్టాండ్స్‌లో టెనెసీ నారింజ రంగు కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపించింది. మా పక్కింటాయన ఏళ్లుగా సీజన్ టికెట్లున్న మనిషి, ఆ మ్యాచ్ టికెట్లు అమ్మేశాడు. డబ్బు కోసం కాదు, మనసు విరిగి. మా జట్టు 42-17తో గెలిచింది, ఆయన మర్నాడు కూడా నవంబరు గురించే మాట్లాడాడు.

పాత చరిత్ర కూడా ఇదే చెబుతుంది. జాన్ కూపర్ అనే కోచ్ 1988 నుంచి 2000 దాకా ఇక్కడ వందకు పైగా మ్యాచ్‌లు గెలిపించాడు. 1993, 1995, 1996లో ఒక్క ఓటమీ లేకుండా మిషిగన్ ముందుకి వచ్చాడు, మూడుసార్లూ ఓడాడు. 1995లో మిషిగన్ ఆటగాడు టిమ్ బియకబుటుకా ఒక్కడే 313 గజాలు పరిగెత్తాడు. మిషిగన్ మీద కూపర్ లెక్క 2 గెలుపులు, 10 ఓటములు, 1 డ్రా. ఇక్కడివాళ్లు ఆయన్ని దేనితో గుర్తుపెట్టుకున్నారంటే ఆ 2-10-1తోనే. అప్పుడు ప్లేఆఫే లేదు. 4 జట్ల ప్లేఆఫ్ 2014 సీజన్‌తో మొదలైంది, అదీ పోయి 2024లో 12 జట్లది వచ్చింది. విధానాలు మారుతున్నాయి, ఈ కొలత మారడం లేదు. మిషిగన్‌ను ఓడించిన ఆటగాళ్లకు బంగారు ప్యాంటు ఆకారంలో చిన్న లాకెట్ ఇచ్చే ఆచారం 1934 నుంచి నడుస్తోంది. ప్లేఆఫ్ ఎన్ని జట్లదైనా ఆ లాకెట్ రావాలంటే ఈ ఒక్క మ్యాచ్ గెలవాల్సిందే.

మనవాళ్లు కొందరు దీన్ని భారత్–పాక్ క్రికెట్‌తో పోలుస్తుంటారు. నేను ఒప్పుకోను. అక్కడ అభిమానులు ఒకరి మొహం ఒకరు చూసుకోరు. ఇక్కడ ఒకే ఇంట్లో భర్త ఎర్ర జెర్సీ, భార్య నీలం జెర్సీ. ఓడినవాడు సోమవారం ఆఫీసులో గెలిచినవాడి పక్క సీట్లోనే కూర్చోవాలి. మళ్లీ ఏడాది దాకా ఆ మాట పడాలి.

మన తెలుగువాళ్ల మీద కూడా నాకో ఫిర్యాదుంది. కార్తీకమాసం ఆఖర్లో వనభోజనాల పేరుతో హాలు బుక్ చేసేటప్పుడు సరిగ్గా ఈ శనివారమే ఎందుకు దొరుకుతుంది? ఊళ్లో ఇంకెవరూ ఆ రోజు హాలు అడగరు కాబట్టి! మధ్యాహ్నం పన్నెండుకి మ్యాచ్, పన్నెండున్నరకి భోజనాలు. ఇక్కడే పుట్టిన మన పిల్లలు పులిహోర ప్లేటు ఒక చేత్తో, ఫోన్ ఒక చేత్తో పట్టుకుని మూల నిలబడతారు. ఆదివారం పెట్టుకుంటే కార్తీకమాసం ఏమీ అనదు.

అసలు ఈ రైవల్రీలకు ముప్పు ప్లేఆఫ్ వల్ల కాదు, టీవీ డబ్బు కోసం జట్లు కాన్ఫరెన్సులు, అంటే తమలో తాము ఆడుకునే కూటములు, మారిపోవడం వల్ల. ఓక్లహోమా, ఓక్లహోమా స్టేట్ 1904లో మొదలుపెట్టిన ఆట 2023తో ఆగింది. ఒక జట్టు వేరే కాన్ఫరెన్సుకి వెళ్లిపోయింది, అంతే. టెక్సస్, టెక్సస్ ఎ అండ్ ఎం 2011 తర్వాత మళ్లీ ఆడటానికి 2024 దాకా పట్టింది. ఆ మధ్య కాలంలో చదువుకుని బయటికి పోయిన పిల్లలకి ఆ మ్యాచ్ ఎలా ఉంటుందో తెలియనే తెలియదు. వాషింగ్టన్, వాషింగ్టన్ స్టేట్‌ల ఆపిల్ కప్పును 2024లో సెప్టెంబరుకి తోసేశారు. నవంబరు వానలో, మంచులో జరగాల్సిన మ్యాచ్! ప్లేఆఫ్ మీద అరిచేవాళ్లు వీటి మీద అరవాలి.

ఇంకో వాదన ఈ మధ్య వినిపిస్తోంది. మా కాన్ఫరెన్సులో జట్లను రెండు గుంపులుగా విడదీసే డివిజన్లు తీసేశారు కాబట్టి ఒహాయో స్టేట్, మిషిగన్ ఒక శనివారం ఆడి, మళ్లీ వచ్చే శనివారం కాన్ఫరెన్సు ఛాంపియన్‌షిప్‌లో ఎదురుపడొచ్చు, అందుకని ఈ మ్యాచ్‌ను అక్టోబరుకి జరపాలట. వద్దే వద్దు. 1935 నుంచి దాదాపు ప్రతి సీజన్‌కీ ఇదే ఆఖరు మ్యాచ్. అక్టోబరులో ఓడితే సరిదిద్దుకోడానికి ఇంకా ఐదారు ఆటలుంటాయి. నవంబరు ఆఖర్లో ఓడితే థాంక్స్‌గివింగ్ మిగులు కూరలు తింటూ ఆ ఓటమితోనే ఉండాలి. దాని బరువంతా ఆ తేదీలోనే ఉంది. రెండుసార్లు ఎదురుపడితే పడనివ్వండి, రెండుసార్లూ చూస్తాం.

ప్రశ్న అడిగినవారు అమెరికాలోనే ఉంటే 2026 మ్యాచ్ కొలంబస్‌లో, థాంక్స్‌గివింగ్ తర్వాతి శనివారం. టికెట్టు ధర చూసి వెనక్కి తగ్గొద్దు, సి డెక్‌లో పైవరస అయినా తీసుకోండి. బెంచీ మీదకి దిండు, రెండు జతల సాక్సులు తెచ్చుకోండి, లోపలికి పారదర్శకమైన బ్యాగు తప్ప రానివ్వరు. పన్నెండుకి ఆట అంటే పదకొండుకే లోపల ఉండండి. ఒకవైపు జనం 'ఓ-హెచ్' అంటే రెండోవైపు 'ఐ-ఓ' అనడం అప్పటికే మొదలవుతుంది. ఈ మ్యాచ్‌కి విలువ ఉందా లేదా అన్న మాట మనం ఆ తర్వాత మాట్లాడుకుందాం.