ఎర్ర సిరా ఎటువైపు?

చి. సౌ. సుజాతకు పెద్దమ్మ ఆశీస్సులు.

మొదటి సంవత్సరం పిల్లలకు వ్యాసరచన చెప్పబోతున్నానని, నీ రాజకీయాలను తరగతి గుమ్మం బయటే వదిలేస్తానని రాశావు. అవేమైనా చెప్పులా, విడిచి వెళ్లడానికి? నువ్వు ఒక్క పార్టీ పేరు ఎత్తకపోయినా, ఇచ్చే ప్రశ్నలోనూ దిద్దే తీరులోనూ అవి బయటపడతాయి.

ప్రశ్న సంగతే చూడు. "హిందీ రుద్దడాన్ని ఖండిస్తూ వ్యాసం రాయండి" అని చెన్నైలో ఇస్తే ఎవరూ వింతగా చూడరు. 1965 హిందీ వ్యతిరేక ఆందోళన చూసిన ఊరు, 1968 నుంచి బడిలో తమిళం, ఇంగ్లీషు చాలనే ద్విభాషా విధానం నడుస్తున్న రాష్ట్రం. నేనూ ఆ పక్షమే, దాచుకోను. అయితే నీ తరగతిలో హోసూరు నుంచి వచ్చిన తెలుగు పిల్లవాడు కూడా ఉండవచ్చు. పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి చేసిన 2006 నాటి చట్టం గురించి వాడు ఇంట్లో వింటూ పెరిగి ఉంటాడు. రుద్దడం అనగానే వాడి మనసులో మెదిలేది హిందీ కాకపోవచ్చు. మార్కులు కావాలి కాబట్టి నువ్వు కోరినట్టే ఖండిస్తాడు. వాడి అసలు వ్యాసం మాత్రం నీకు ఎప్పటికీ అందదు. "బడిలో ఏ భాష తప్పనిసరి కావాలి? ఆ నిర్ణయం ఎవరిది?" అని అడిగి చూడు. వచ్చిన కాగితాలను ఎదుటి పక్షం వాళ్లకిచ్చి జవాబు రాయించు. నువ్వు పది ఉపన్యాసాలిచ్చినా అంత పదునైన వాదన రాదు.

రచన తరగతిలో గురువు రాజకీయం అన్నది అమెరికా గొడవ అని మీ కాలేజీలో ఎవరైనా కొట్టిపారేస్తారేమో. ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో 1990లో వివక్ష మీద నడిచిన కోర్టు కేసుల చుట్టూ రచనా పాఠాలు అల్లబోతే పెద్ద రగడయింది. అక్కడే పాఠాలు చెప్పిన మాక్సిన్ హెయిర్‌స్టన్, రచన తరగతికి కేంద్రం విద్యార్థి రాతే కావాలని, గురువు రాజకీయం కాకూడదని 1992లో వాదించింది. ఆ మాట నాకు సగమే నచ్చింది. ఏ వాక్యం ఒప్పు, ఏది తప్పు అని తేల్చడంలోనే ఒక పక్షం ఉంటుంది మరి. 1910లలో మన మద్రాసులో స్కూల్ ఫైనల్ తెలుగు వ్యాసం గ్రాంథికంలోనా, వ్యావహారికంలోనా అని, వ్యావహారికం వైపు గిడుగు రామమూర్తి, గ్రాంథికం వైపు జయంతి రామయ్య పంతులు తలపడింది దేనికనుకున్నావు?

దిద్దేటప్పుడు పేరు, రోల్ నంబరు కనబడకుండా కాగితం మడిచి పెట్టుకో. "ఆధారం ఏది?" అనే ప్రశ్న మనకు నచ్చని వ్యాసాల పక్కనే ఎక్కువగా పడుతుంది. అందుకని నీతో ఏకీభవించిన వాళ్ల కాగితాలు ముందు తీసి, వాటినే చీల్చి చెండాడు. తర్వాత మిగతావి అదే కొలతతో చూడు. నీ అభిప్రాయం ఏమిటని పిల్లలు తప్పక అడుగుతారు. మార్కులు వేసి కాగితాలు తిరిగి ఇచ్చేశాక చెప్పు, ముందు మాత్రం వద్దు.

మొదటి పరీక్షకు అనుకున్న ప్రశ్నలు ఫోటో తీసి పంపు.

మీ పెద్దమ్మ