కొత్త సరిహద్దుకు కాపలా కాసే కథ ‘రాయా 1918’లో ఆ అధికారి ఎందుకంత నలిగిపోతాడు?

ఫిన్లాండ్ చిత్రం ‘రాయా 1918’ చూశానని, అందులో సరిహద్దు కాపలాకు వచ్చిన యువ అధికారి మనసు ఎందుకంత నలిగిపోతుందో అర్థం కాలేదని మీరు అడిగారు. 2007లో వచ్చిన ఈ చిత్రాన్ని మొదటిసారి చూసినప్పుడు నాదీ అదే పరిస్థితి. సగంలో ఆపి, పటం ముందేసుకొని కూర్చున్నాక గానీ కథ పట్టుబడలేదు.

ఫిన్నిష్‌లో ‘రాయా’ అంటే సరిహద్దు, ‘యోకి’ అంటే నది. కథ జరిగే రాయాయోకి ఏటి పేరులోనే హద్దు ఉంది. 1323 నాటి ఒప్పందంలో స్వీడన్‌కూ అప్పటి రష్యన్ రాజ్యం నోవ్‌గొరోద్‌కూ మధ్య గీసిన గీత ఇక్కడే మొదలైంది. అయితే 1809లో ఫిన్లాండ్ రష్యా చక్రవర్తి ఏలుబడిలోకి వెళ్లింది. 1812 నుంచి ఈ ఏరు ఒకే సామ్రాజ్యంలోని రెండు భాగాల నడుమ హద్దుగా మాత్రమే మిగిలింది. 1870లో రైలు మార్గం వచ్చాక రష్యా రాజధాని పీటర్స్‌బర్గ్ వాసులు దీన్ని దాటి వచ్చి తెరియోకి, కువోక్కల వంటి ఊళ్లలో వేసవి విడిదులు కట్టుకున్నారు. నా పటంలో ఏటికీ ఆ మహానగరానికీ మధ్య వేలి గోరు పట్టేంత చోటు కూడా లేదు. నేల మీద అది సుమారు 30 కిలోమీటర్లే.

1917 డిసెంబరు 6న ఫిన్లాండ్ స్వాతంత్ర్యం ప్రకటించుకుంటే, నెల తిరక్కుండానే లెనిన్ ప్రభుత్వం దాన్ని గుర్తించింది. కానీ 1918 జనవరి చివరి నుంచి మే మధ్య దాకా సోషలిస్టుల ఎర్రదళాలకూ, వారిని ఎదిరించిన ప్రభుత్వ పక్షపు శ్వేతదళాలకూ సాగిన అంతర్యుద్ధంలోనూ, ఆ తర్వాతి ఖైదీల శిబిరాల్లోనూ కలిపి దాదాపు 38 వేల మంది చనిపోయారు. గెలిచిన శ్వేతపక్షం తరఫున మన కథానాయకుడు ఏటి గట్టుకు వస్తాడు. ఓడిన ఎర్రవాళ్లు ప్రాణభయంతో అటు రష్యాలోకి పోవాలని చూస్తుంటే, అక్కడి బోల్షెవిక్కుల, అంటే లెనిన్ పార్టీవాళ్ల, పాలన నుంచి తప్పించుకున్నవాళ్లు ఇటు ఫిన్లాండ్‌లోకి వస్తుంటారు. వారిలో శరణార్థి ఎవరో, గూఢచారి ఎవరో తేల్చే భారం సరిహద్దు అధికారి మీదే పడింది. ఫిన్లాండ్, రష్యాలు ఎస్తోనియాలోని తార్తు నగరంలో శాంతి ఒప్పందం మీద సంతకాలు చేసింది 1920 అక్టోబరు 14న. అంటే 1918లో అతడు కాపు కాస్తున్న గీతకు రెండు దేశాల మధ్య ఇంకా ఏ ఒప్పందం అండా లేదు. ఇది తెలిశాక రెండోసారి చూస్తే, మొదట్లో నాకు కాఠిన్యంగా తోచిన అతడి పట్టుదలలో భయం కనిపించింది.

కథలో భాగం కాకపోయినా ఇక్కడ ఒక మాట చెప్పాలి. ప్రసిద్ధ రష్యన్ చిత్రకారుడు ఇల్యా రేపిన్ కువోక్కలలోనే ఉండేవారు. సరిహద్దు మూతపడటంతో ఆయన ఉన్నచోటే ఉండి పరాయి దేశవాసి అయిపోయారు, 1930లో అక్కడే కన్నుమూశారు. ఆ సంగతి చదివిన రోజు నాకు చాలాసేపు మరో పని మీదకు మనసు పోలేదు.

మళ్లీ చూసేటట్లయితే, తుపాకులు పేలే చోట్ల కంటే ఏరు దాటే మనుషులకూ అతడికీ మధ్య మాటలు నడిచే చోట్ల మీ దృష్టి నిలపండి. ఆరు నెలల క్రితం వాళ్లంతా రైలు టికెట్టు కొనుక్కొని ఇదే ఏరు దాటినవాళ్లు.