విజిటింగ్ కార్డు వేయించాలా, క్యూఆర్ కోడ్ చాలా?

విజిటింగ్ కార్డుల గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు మా సాంకేతిక బృందం జవాబులు.

ప్రశ్న: ఇంటీరియర్ పనులు చేస్తాను. కలిసినవాళ్లంతా "నంబరు చెప్పండి, మిస్డ్ కాల్ ఇస్తాను" అంటున్నారు. ఇంకా విజిటింగ్ కార్డులు వేయించడం దండగేనా?

జవాబు: మీ పనికి దండగ కాదు. మిస్డ్ కాల్‌తో నంబరు చేరుతుంది కానీ పేరు చేరదు. ఆ పూటే సేవ్ చేసుకోకపోతే నాలుగు రోజుల తర్వాత అది ఎవరిదో తెలియని నంబరు. సేవ్ చేసుకున్నా, మీ పేరుతో పెట్టుకున్నారో "కప్‌బోర్డుల ఆయన" అని పెట్టుకున్నారో వెతికేటప్పుడు వాళ్లకే గుర్తుండదు. కార్డు మీద పేరు, పని, నంబరు ఒకేచోట ఉంటాయి. ఫోన్లో చార్జింగ్ ఉన్నా లేకపోయినా ఉంటాయి.

అంతకన్నా ముఖ్యమైన సంగతి, కార్డు చేతులు మారుతుంది. మీతో మాట్లాడేది ఒకరు, ఖర్చుకు సరే అనేది ఇంట్లో మరొకరు. ఆ రెండో మనిషి దగ్గరకు మీరు లేకుండానే వెళ్లగలిగేది ఈ అట్టముక్కే. అందుకని వెనకవైపు నినాదాలు, బొమ్మలు నింపకుండా ఖాళీగా వదలండి. తీసుకున్న కొలత, ఎంచుకున్న లామినేట్ నంబరు, మళ్లీ వస్తానన్న తేదీ అక్కడే రాసి ఇవ్వండి. తమ ఇంటి కొలతలున్న కార్డును పారేయడానికి ఎవరికీ చేయి రాదు.

గిరాకీ అంతా ఆన్‌లైన్‌లోనే ఉన్నవాళ్లకు, ఎవరినీ ఎదురుగా కలవనివాళ్లకు మాత్రం కార్డు అక్కర్లేదని మొహమాటం లేకుండా చెబుతాం. ఇంకో జాగ్రత్త: చవకగా పడుతుందని మొదటిసారే వెయ్యి వేయించకండి. ఆఫ్‌సెట్‌లో, అంటే ప్లేట్లు చేసి అచ్చువేసే పద్ధతిలో, ఆ ప్లేట్ల ఖర్చు ఎన్ని వేసినా ఒకటే కాబట్టి సంఖ్య పెరిగేకొద్దీ ఒక్కో కార్డు ధర తగ్గుతుంది. డిజిటల్ ప్రింటింగ్‌లో ప్లేట్లు ఉండవు, 100 కార్డులతో మొదలుపెట్టవచ్చు. నంబరో అడ్రసో మారితే పోయేది ఆ వందే.

ప్రశ్న: కార్డు మీద క్యూఆర్ కోడ్ వేయించాను. కొన్ని ఫోన్లలో వెంటనే వస్తోంది, కొన్నింటిలో ఎంతసేపు పట్టుకున్నా రావడం లేదు. తప్పు ఎక్కడ?

జవాబు: చాలావరకు తప్పు కోడ్‌లో కుక్కిన సమాచారంలోనే ఉంటుంది. పేరు, హోదా, రెండు నంబర్లు, ఈమెయిల్, పూర్తి అడ్రసు కలిపి నేరుగా కోడ్‌లో పెడితే సులువుగా 200 బైట్లు (ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు) దాటుతుంది. మామూలుగా వాడే "ఎం" స్థాయి దోష సవరణతో (కోడ్ కొంత చెడినా చదవగలిగేలా చేసే ఏర్పాటు) 200 బైట్లు పట్టాలంటే అడ్డంగా 57, నిలువుగా 57 గళ్ల కోడ్ కావాలి. దాన్ని 20 మి.మీ. వెడల్పులో అచ్చువేస్తే ఒక్కో గడి 0.35 మి.మీ. మాత్రమే. సిరా కాస్త పరుచుకుంటే పక్క గళ్లు కలిసిపోతాయి, పాత కెమెరాకు అందవు. అదే చోట 26 అక్షరాల్లోపు వెబ్ అడ్రసు పెడితే 25 గళ్ల కోడ్ సరిపోతుంది, గడి 0.8 మి.మీ. వస్తుంది.

పేరు తెలుగులో పెట్టి ఉంటే కోడ్ ఇంకా బరువెక్కుతుంది. అక్షరాలను బైట్లుగా మార్చే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికి, గుణింతపు గుర్తుకు, హల్లు కింది పొల్లుకు విడివిడిగా 3 బైట్లు పడతాయి. "స్త్రీ" అన్న ఒక్క అక్షరం కంటికి చిన్నదే, లోపల ఆరు గుర్తులు, 18 బైట్లు. కార్డు మీద తెలుగు తప్పకుండా ఉండనివ్వండి, కోడ్ లోపల మాత్రం చిన్న వెబ్ అడ్రసు చాలు.

తర్వాత చూడాల్సింది చుట్టూ ఖాళీ. కోడ్‌కు నాలుగు వైపులా నాలుగేసి గళ్ల వెడల్పున ఏమీ ఉండకూడదు. డిజైనర్లు అందం కోసం దాన్ని కార్డు అంచుకు ఆనించేస్తుంటారు, లేదా ముదురు రంగు మీద తెల్ల గళ్లతో తిప్పి వేస్తారు. తిప్పి వేసిన కోడ్‌ను కొన్ని యాప్‌లు చదవవు. లేత నేల మీద ముదురు గళ్లే ఉండాలి. మధ్యలో లోగో పెట్టాలంటే దోష సవరణను "హెచ్" స్థాయికి పెంచాలి. "ఎం" సుమారు 15 శాతం నష్టాన్ని తట్టుకుంటే, "హెచ్" సుమారు 30 శాతం వరకు తట్టుకుంటుంది. దానికి తగ్గట్టు గళ్ల సంఖ్య కూడా పెరుగుతుంది కాబట్టి ఇంత చిన్న కార్డు మీద లోగో లేకపోవడమే మేలని మా అభిప్రాయం.

ఉచితంగా కోడ్ చేసిపెట్టే సైట్లతో మరో చిక్కు ఉంది. "డైనమిక్" అంటూ ఇచ్చే కోడ్‌లో ఉండేది మీ అడ్రసు కాదు, ఆ సైటు అడ్రసు. వాళ్లు గడువు పెట్టి ఆపేస్తే మీ జేబులోని కార్డులన్నీ ఒక్కసారే మూగబోతాయి. సొంత డొమైన్ తీసుకుని దాని కిందే ఒక పేజీ పెట్టండి. నంబరు మారినా పేజీలో మార్చుకుంటే చాలు, అచ్చైన కోడ్ అలాగే పనిచేస్తుంది. ఆ పేజీలో నంబరును ప్లస్ గుర్తు, దేశం కోడ్‌తో సహా ఇవ్వాలి. మొత్తం అచ్చుకు ఇచ్చే ముందు ఒక కార్డును అసలు సైజులో ప్రింట్ తీసి, పాత ఫోన్‌తో మసక వెలుతురులో చూడండి.

ప్రశ్న: స్క్రీన్ మీద మెరిసిన నీలం అచ్చులో వెలిసిపోయింది, చివరి అక్షరాలు కటింగ్‌లో పోయాయి. ప్రెస్సువాళ్లు ఫైలే తప్పంటున్నారు. నిజమేనా?

జవాబు: రెండింటికీ కారణం ఫైలే కావచ్చు. స్క్రీన్ వెలుగుతో రంగులు చూపిస్తుంది, అచ్చుకు నాలుగు సిరాలు. స్క్రీన్ వాడే ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులు) లోని మెరిసే నీలం, ఆకుపచ్చ ఆ నాలుగు సీఎంవైకే సిరాల్లో రానే రావు. ఫైలును మొదటి నుంచీ సీఎంవైకేలోనే చేయిస్తే ఏ రంగు దక్కుతుందో ముందే కనబడుతుంది.

కటింగ్ మాట: మిషన్ కింద కట్టలు కట్టలుగా తెగేటప్పుడు కాగితం కాస్త జరుగుతుంది. కార్డు 89 × 51 మి.మీ. అయితే నేపథ్యం రంగును అన్ని వైపులా 3 మి.మీ. పెంచి 95 × 57 చేయాలి. దీన్నే బ్లీడ్ అంటారు. అక్షరాలు కోత గీతకు 4, 5 మి.మీ. లోపలే ఆగాలి. అంచు చుట్టూ సన్నటి గీత బోర్డరు పెట్టకండి. అర మి.మీ. జరిగినా ఒకవైపు లావుగా, మరోవైపు సన్నగా కనిపించి కార్డే వంకరపోయినట్టుంటుంది.

చిన్న అక్షరాలకు నలుపు ఒక్క సిరానే వాడమనండి. నాలుగు సిరాలు కలిపిన నలుపులో ప్లేట్లు వెంట్రుకవాసి తేడాగా కూర్చున్నా అక్షరం చుట్టూ రంగు నీడ పడుతుంది. తెలుగు అక్షరాలు 9 పాయింట్లకు తగ్గకూడదు. ఇంగ్లిష్ 7 పాయింట్లకు దిగినా చదవగలం, తెలుగులో వత్తుల లోపలి ఖాళీలు పూడుకుపోతాయి. పాత డీటీపీ ఫాంట్లతో చేసిన ఫైలైతే అక్షరాలను కర్వ్స్ (ఫాంట్ అవసరం లేని గీతల బొమ్మలు) చేసి పీడీఎఫ్‌గా ఇవ్వండి, లేకపోతే ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో అర్థంలేని గుర్తులొస్తాయి. లోగోను వాట్సాప్‌లో ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపాలి, ఫొటోగా పంపితే నాణ్యత తగ్గిపోతుంది.

ప్రశ్న: ఒకవైపే లామినేషన్ చేయించిన కార్డులు వారంలో వంగిపోయాయి. ఎందుకు?

జవాబు: గాలిలో తేమకు కాగితం సాగుతుంది, ప్లాస్టిక్ ఫిల్మ్ సాగదు. అందుకే కార్డు ఫిల్మ్ వైపుకు వంగుతుంది. రెండువైపులా చేయించండి, లేదా అసలు వద్దనండి. వెనక పెన్నుతో రాయాలంటే కోటింగ్ లేని 300, 350 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాముల్లో బరువు) బోర్డు తీసుకుని లామినేషన్ మానేయడమే దారి. మెరిసే గ్లాసీ ఫిల్మ్ మీద బాల్‌పెన్ జారుతుంది, లైటు పడి క్యూఆర్ కోడ్ కూడా మెరిసిపోతుంది.

ప్రశ్న: ఫోన్‌కు తాకిస్తే వివరాలు దిగే ఎన్‌ఎఫ్‌సీ కార్డు ఒక్కటి కొంటే చాలదా?

జవాబు: అది మీ దగ్గరే ఉండిపోతుంది, అవతలివాళ్ల చేతిలో ఏమీ మిగలదు. పైగా చాలా ఫోన్లలో ఎన్‌ఎఫ్‌సీ ఉండదు, ఉన్నా ఆండ్రాయిడ్‌లో ఆఫ్ చేసి ఉండొచ్చు. ఎగ్జిబిషన్ల లాంటి చోట రోజుకు వందమందిని కలిసేవారికి తోడుగా పనికొస్తుంది. ఇలాంటి కార్డుల్లో వాడే ఎన్‌ట్యాగ్213 అనే చిప్‌లో దక్కేది 144 బైట్లే కాబట్టి ఇందులోనూ చిన్న వెబ్ అడ్రసే పెట్టండి. రాసిన తర్వాత చిప్‌ను లాక్ చేయడం మరవకండి, లేదంటే ఫోన్ ఉన్న ఎవరైనా అందులో వేరే లింకు రాసేయగలరు.

ప్రశ్న: వచ్చిన కార్డులు డ్రాయరు నిండా ఉన్నాయి. ఏం చేయాలి?

జవాబు: తీసుకున్న రోజే తేదీ, కలిసిన సందర్భం కార్డు మీద రాయండి. సాయంత్రం కాంటాక్ట్‌గా ఎక్కించేటప్పుడు అదే ముక్క నోట్స్‌లో పెట్టండి. కార్డు స్కానింగ్ యాప్‌లు వాడితే అంకెలు ఒకసారి సరిచూసుకోవాలి, 8కి 3, 1కి 7 పడుతుంటాయి. మీ కాంటాక్టులన్నింటికీ అనుమతి అడిగే యాప్ అయితే వద్దు, కార్డు ఇచ్చినవాళ్లు తమ నంబరు ఇచ్చింది మీకే కానీ ఆ కంపెనీకి కాదు.